అటెన్‌బరో అనే ఇంటిపేరు ఎక్కడిది

అటెన్‌బరో అనగానే మనవాళ్ళకి ఇద్దరు గుర్తొస్తారు. గాంధీ సినిమా తీసినాయన ఒకరు, గొరిల్లాల మధ్య కూర్చుని గుసగుసగా మాట్లాడే ఆయన తమ్ముడు ఇంకొకరు. రిచర్డ్, డేవిడ్. అన్నదమ్ములిద్దరూ అంత పేరు తెచ్చుకోబట్టి అదేదో ఇంగ్లండులో మామూలుగా వినపడే ఇంటిపేరే అనుకుంటాం గానీ స్మిత్, టేలర్, బ్రౌన్ లాంటి వాటి పక్కన పెడితే అది చాలా అరుదు, ఇక్కడ ఏళ్ళ తరబడి ఉద్యోగం చేసినా ఆఫీసులో ఒక్క అటెన్‌బరో కూడా తగలకపోవచ్చు. నేనుండేది నాటింగ్‌హామ్ పక్కన బీస్టన్‌లో కాబట్టి నాకు మాత్రం ఆ పేరు తరచూ కనపడుతుంది, మనుషులకి కాదు, రైల్వే స్టేషన్ బోర్డు మీద. డెర్బీ వైపు పోయే ఆగుడు బండి ఎక్కితే బీస్టన్ తర్వాత స్టేషనే అటెన్‌బరో.

ఊరి పేరే ఇంటిపేరైంది, ఇందులో ఏముంది, మనకి సగం ఇంటిపేర్లు ఊళ్ళవే కదా అంటారేమో. నేనూ అలాగే అనుకుని వదిలేసేదాన్ని. కానీ ఇంగ్లీషు ఇంటిపేర్ల నిఘంటువులు తిరగేస్తే ఈ పేరుకి ఇంకో కథ కూడా కనపడుతుంది, అక్కడే నాకు ఆసక్తి మొదలైంది.

ఆ రెండో కథ ఏంటంటే, పాత ఇంగ్లీషులో మనిషి ఎక్కడుంటాడో దాన్నిబట్టి పేరు పెట్టి పిలిచేవాళ్ళు, చెట్టు దగ్గరుండేవాడు, బావి దగ్గరుండేవాడు, అడవి పక్కనుండేవాడు అని. ఆ "దగ్గర" అనే మాట అట్, అట్టె, అట్టెన్ అని రకరకాలుగా ఉండేది. అట్‌వుడ్ అంటే అడవి దగ్గరాయన, అట్‌వెల్ అంటే ఊట దగ్గరాయన. 1947లో మనకి స్వాతంత్ర్యం ఇచ్చినప్పుడు బ్రిటన్ ప్రధాని అట్లీ కదా, ఆ పేరూ ఇదే బాపతు, పచ్చిక బయలు దగ్గరుండేవాళ్ళు. ఇంకా తమాషా ఏంటంటే అట్టెన్ యాష్ అనేది నోళ్ళలో నాని నాని చివరి నకారం చెట్టుకి అతుక్కుపోయి నాష్ అయింది, అట్టెన్ ఓక్స్ నోక్స్ అయింది. ఈ లెక్కన అట్టెన్ బరో అంటే గుట్ట దగ్గరో కోట దగ్గరో ఉండేవాడు అని చెప్పేయొచ్చు, వినడానికి చక్కగా అతికినట్టే ఉంటుంది.

మొదటి కథ ఊరిది. ఆ ఊరి పేరు పాత రాతల్లో "ట"తో కాదు, "డ"తో ఉంటుంది, ఆడింగ్‌బర్హ్ లాంటి రూపం. ఆడ్డా అనే ఆంగ్లో-సాక్సన్ మనిషికి సంబంధించిన కోటగట్టు అని స్థలనామాల వాళ్ళు చెప్తారు. అంటే ఊరి పేరులో ఉన్నది "దగ్గర" కాదు, ఎవరో ఒక మనిషి పేరు, కాలక్రమంలో అరిగి అట్టెన్ లాగా తయారైంది.

సరే, ఇంటిపేరు ఈ రెంటిలో దేన్నుంచి వచ్చింది? నిఘంటువు ముందేసుకుని ఎంతసేపు కూర్చున్నా తేలదు, రెండూ వ్యాకరణం ప్రకారం కుదురుతాయి. నా అభిప్రాయం ఏంటంటే ఇలాంటి వాటికి నిఘంటువు కంటే ముందు మ్యాపు తెరవాలి. గుట్ట దగ్గరుండేవాళ్ళు ఇంగ్లండులో ప్రతి జిల్లాలోనూ ఉంటారు, కాబట్టి పేరు అలా పుట్టి ఉంటే కెంట్‌లో కొందరు, డెవన్‌లో కొందరు, యార్క్‌షైర్‌లో కొందరు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దేశమంతా చల్లినట్టు కనపడాలి. అట్‌వుడ్‌లు అలాగే రకరకాల చోట్ల కనిపిస్తారు. అదే ఒక్క ఊరి నుంచి వచ్చి ఉంటే ఆ ఊరి చుట్టూ కుప్ప పడి ఉండాలి.

కుప్పే పడి ఉంది. దీనికి ఇక్కడ అందరూ చూసేది 1881 జనాభా లెక్కలు. ఆ లెక్కల్లో ప్రతి మనిషి పేరు, వయసు, వృత్తి, పుట్టిన ఊరు ఉంటాయి, వాటిని చాలామంది వాలంటీర్లు కూర్చుని చేత్తో ఎక్కించారు కాబట్టి ఇప్పుడు ఏ ఇంటిపేరైనా కొట్టి ఎక్కడెక్కడ ఎంత దట్టంగా ఉందో రంగుల్లో చూసుకోవచ్చు. అటెన్‌బరో అని కొడితే నాటింగ్‌హామ్‌షైర్ ముదురు రంగులో ఉంటుంది, దాన్ని ఆనుకుని డెర్బీషైర్ వైపు కొంచెం, లండన్ దగ్గర విడిగా ఒక మచ్చ. లండన్ సంగతి తర్వాత చెప్తా. దక్షిణాన, పడమట చాలావరకు ఖాళీ.

ఈ మ్యాపుల పిచ్చి కొత్తదేం కాదు. 1890లోనే హెన్రీ బ్రౌమ్ గప్పీ అనే ఆయన ఏ ఇంటిపేరు ఏ జిల్లాది అని ఒక పుస్తకం వేశాడు. ఆయన అసలు నేవీలో డాక్టరు, సోలమన్ దీవులు తిరిగి అక్కడి రాళ్ళూ మొక్కలూ చూసొచ్చినవాడు, తిరిగొచ్చి మొక్కలు ఏ నేలలో ఎంత ఉన్నాయో లెక్కేసే పద్ధతిలోనే మనుషుల పేర్లు లెక్కేశాడు. ఆయన తెలివి ఎక్కడుందంటే అందరి పేర్లూ తీసుకోలేదు, డైరెక్టరీల్లోంచి రైతుల పేర్లు మాత్రమే తీసుకున్నాడు. రైళ్ళొచ్చాక కూలీలు, గుమాస్తాలు, షావుకార్లు అందరూ పట్నాలకి చేరిపోయారు, పొలం ఉన్నవాడు మాత్రం కదల్లేదు, కాబట్టి పేరు పుట్టిన చోటు తెలియాలంటే రైతుల్నే చూడాలి అన్నాడు. పదివేల మంది రైతుల్లో ఆ పేరున్నవాళ్ళు ఎంతమంది అని జిల్లా జిల్లాకి అంకె వేశాడు. కంప్యూటర్ లేకుండా.

ఇంకో సంగతి, దీనికి నేను ముందు ఆశ్చర్యపోయాను, తర్వాత ఇంతేగా అనిపించింది. ఊరి పేరుతో ఇంటిపేరు ఆ ఊళ్ళో పుట్టదు. అటెన్‌బరోలో ఉన్నవాళ్ళందరూ అటెన్‌బరో వాళ్ళే, అలాంటప్పుడు ఒకణ్ణి పట్టుకుని అటెన్‌బరో జాన్ అంటే ఏ జాన్ అని తెలుస్తుంది? ఊరు వదిలి పక్కూరికి పోతేనే, ఫలానా ఊరి నుంచి వచ్చిన జాన్ అని అక్కడివాళ్ళు అంటారు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఇదంతా చెప్తుంటే "దానికంత పరిశోధన ఎందుకే, మన ఇంటిపేరున్న ఊళ్ళో మన ఇంటిపేరువాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?" అంది. నిజమే, లేరు. తెలుగు ఇంటిపేర్లకీ ఇదే సూత్రం, ఊరు వదిలినవాళ్ళకే ఊరి పేరు. అందుకని ఇక్కడ పరిశోధకులు ఊరినే కాక దాని చుట్టుపక్కల పది పదిహేను మైళ్ళ మేర చర్చి రిజిస్టర్లు కూడా వెతుకుతారు. ఆ రిజిస్టర్లు 1538లో రాజు దగ్గర మంత్రిగా ఉన్న థామస్ క్రామ్‌వెల్ ఆర్డరు వేస్తే మొదలయ్యాయి, పుట్టినప్పటి జ్ఞానస్నానం, పెళ్ళి, చావు మూడూ రాయాలని. అప్పటికే ఇంటిపేర్లు స్థిరపడి వంద ఏళ్ళు దాటింది. 1066లో నార్మన్లు వచ్చేనాటికి ఇంగ్లీషు వాళ్ళకి వంశపారంపర్యపు ఇంటిపేర్లే లేవు, ముందు భూస్వాములకి వచ్చాయి, మెల్లగా కిందికి దిగి 1400 నాటికి దాదాపు అందరికీ అంటుకున్నాయి.

ఇప్పుడు ఆ సెలబ్రిటీ కుటుంబం సంగతి చూద్దాం. రిచర్డ్ 1923లో కేంబ్రిడ్జిలో పుట్టాడు, డేవిడ్ 1926లో లండన్ పక్కన ఐజిల్‌వర్త్‌లో పుట్టాడు, ఇద్దరూ పెరిగింది లెస్టర్‌లో. చూస్తే ఊరితో ఏ సంబంధమూ లేనట్టుంది. కానీ వాళ్ళ నాన్న ఫ్రెడరిక్ అటెన్‌బరో 1887లో పుట్టింది స్టేపుల్‌ఫర్డ్‌లో, అది అటెన్‌బరో నుంచి నాలుగు కిలోమీటర్లు అటూ ఇటూ, సైకిల్ మీద పావుగంట! ఇంటిపేరు పుట్టి ఐదారు వందల ఏళ్ళు గడిచాక కూడా ఆ పేరున్నవాడు ఆ ఊరి పొలిమేరల్లోనే పుట్టాడు. ఈ చుట్టుపక్కల మేజోళ్ళు అల్లే పనీ, తర్వాత లేసు పనీ ఉండేవి, మేజోళ్ళ మగ్గం కనిపెట్టిందే నాటింగ్‌హామ్‌షైర్ మనిషి విలియం లీ, 1589లో. ఇంట్లోనే మగ్గం పెట్టుకుని బతకగలిగినప్పుడు జనం ఊళ్ళొదిలి ఎక్కువ దూరం పోవాల్సిన పని తక్కువ, ఇక్కడి పేర్లు ఇక్కడే ఉండిపోవడానికి అదీ ఒక కారణం అని నేననుకుంటా.

ఆ ఫ్రెడరిక్ గారి చదువేంటో తెలుసా, ఆంగ్లో-సాక్సన్ రాజుల చట్టాలు. వాటిని సరిచూసి అనువాదం చేసి 1922లో పుస్తకంగా వేశాడు. ఆడ్డా కోటగట్టు లాంటి పేర్లు పుట్టిన కాలపు భాషనే ఆయన చదివాడన్నమాట. 1932 నుంచి 1951 దాకా లెస్టర్ యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపల్, పిల్లలు ఆ క్యాంపస్‌లోనే పెరిగారు, ఇప్పటికీ ఆ యూనివర్సిటీలో 18 అంతస్తుల అటెన్‌బరో టవర్ ఉంది. ఈ లెస్టర్ యూనివర్సిటీ కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

లండన్ మచ్చ గురించి చెప్తానన్నా కదా. విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో అటెన్‌బరో అంటే తాకట్టు కొట్టు. ఆ పేరుతో బంగారం, నగల తాకట్టు వ్యాపారం బాగా నడిచింది. ఫ్లీట్ స్ట్రీట్‌లో చాన్సరీ లేన్ మూల మీద వాళ్ళ పాత బిల్డింగ్ ఇంకా ఉంది, గోడలో గూడు చేసి అందులో ఒక విగ్రహం పెట్టారు. అది కాలెడ్ అనే పాత్రది, బైరన్ కవితలోది. తాకట్టు కొట్టు మీద కవిగారి పాత్ర ఏంటా అనుకుంటే, బైరన్ ఉండే న్యూస్టెడ్ ఆబీ కూడా నాటింగ్‌హామ్‌షైర్‌లోనే ఉంది. సొంతూరి అభిమానంతో పెట్టారో, అందంగా ఉందని పెట్టారో గానీ నాకైతే మొదటిదే నమ్మాలనిపిస్తుంది. ఏదైనా సరే, మ్యాపులో ఇలాంటి దూరపు మచ్చ కనపడితే అది రెండో పుట్టుక అని కంగారు పడక్కర్లేదు, చాలాసార్లు వ్యాపారం కోసం పట్నం చేరిన ఒకటి రెండు కుటుంబాల సంతానమే అయ్యుంటుంది.

మ్యాపు వరకు బాగానే ఉంది, కానీ కుప్ప పడినంత మాత్రాన అందరూ ఒకే మనిషి సంతానం అని ఎలా చెప్తాం? అదే ఊరి నుంచి పది మంది పది దిక్కులకి పోయి పది కుటుంబాలకి అదే పేరు వచ్చి ఉండొచ్చుగా. వచ్చే ఉండొచ్చు కూడా. అయితే ఇక్కడ ఒక లెక్క ఉంది, 1874లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త, వాట్సన్ అనే పాస్టరుగారు కలిసి వేసింది. పెద్ద పెద్ద వంశాల పేర్లు ఎందుకు అంతరించిపోతున్నాయి అని గాల్టన్ సందేహం. సగటున తండ్రికి ఒక్క కొడుకు ఉంటాడనుకుందాం, కొందరికి ముగ్గురు, కొందరికి అసలు లేరు, అంతా అదృష్టం మీద. ఈ లెక్కన వంద ఇంటిపేర్లు తలా ఒక మగవాడితో మొదలైతే మొదటి తరంలోనే దాదాపు 37 పేర్లు ఆగిపోతాయి, మూడు తరాలకి 63 దాకా పోతాయి. ఎవరూ యుద్ధం చేయక్కర్లేదు, రోగం రానక్కర్లేదు, కూతుళ్ళు మాత్రమే పుడితే చాలు. పైగా ఇంగ్లండులో 1348లో ప్లేగు వచ్చి మూడో వంతో ఇంకా ఎక్కువో జనం పోయారు, సరిగ్గా ఇంటిపేర్లు కుదురుకుంటున్న టైములో. అంచేత మొదట్లో పది అటెన్‌బరో కుటుంబాలు ఉన్నా చివరికి ఒకటే మిగిలి అదే పెరిగి ఉండటం పెద్ద వింతేం కాదు. అరుదైన పేర్లకి ఇది మరీ ఎక్కువ వర్తిస్తుంది.

లెక్క సరే, రుజువు? అది లెస్టర్‌లో దొరికింది. 1984లో అలెక్ జెఫ్రీస్ డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కనిపెట్టింది ఆ యూనివర్సిటీలోనే. అక్కడే టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ అనే ఇద్దరు ఇంటిపేర్ల మీద పడ్డారు. మగవాళ్ళలో ఉండే వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వస్తుంది, ఇంటిపేరు కూడా అలాగే వస్తుంది, మన గోత్రం లాగానే. కాబట్టి ఒకే పేరున్న మగవాళ్ళ వై క్రోమోజోములు పోల్చి చూస్తే వాళ్ళు ఒకే మూలపురుషుడి సంతానమో కాదో తెలిసిపోవాలి. దగ్గర చుట్టాల్ని పక్కన పెట్టి 40 ఇంటిపేర్లకి చెందిన 1,678 మందిని పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. స్మిత్‌లకి ఒకరితో ఒకరికి సంబంధమే లేదు, రోడ్డు మీద ఎవరినో ఇద్దర్ని పట్టుకుంటే ఎంత పోలిక ఉంటుందో అంతే. స్మిత్ అంటే కమ్మరి, ఊరూరా కమ్మరి ఉంటాడు, కమ్మరి కొడుకులందరూ స్మిత్‌లే కాబట్టి అది ఊహించిందే. అటెన్‌బరోల దగ్గరికొచ్చేసరికి 70 శాతం పైన మగవాళ్ళకి ఒకటే రకం వై క్రోమోజోమ్, లేదా దానికి వెంట్రుకవాసి తేడా ఉన్నది. ఫ్రెడరిక్ గారు ప్రిన్సిపల్‌గా చేసిన చోటే ఆయన ఇంటిపేరు గుట్టు బయటపడింది, ఇలాంటివి కథల్లో రాస్తే నమ్మరు.

దీంతో నా మటుకు నాకు గుట్ట దగ్గరాయన కథ అయిపోయింది. దేశమంతా ఉండాల్సిన పేరు ఒక్క జిల్లాలో ఉంది, పది వంశాలు ఉండాల్సిన చోట దాదాపు ఒకటే వంశం ఉంది, ఆ జిల్లాలోనే ఆ పేరున్న ఊరు ఉంది. ఇంకేం కావాలి.

మరి మిగతా 30 శాతం ఎవరు? ఇది అందరూ ముసిముసిగా నవ్వుకునే చోటు. కొందరు దత్తత వచ్చినవాళ్ళు, కొందరు తల్లి ఇంటిపేరు పెట్టుకున్నవాళ్ళు, కొందరు ఆస్తి కోసం పేరు మార్చుకున్నవాళ్ళు, కొందరు వేరే అటెన్‌బరో కుటుంబం నుంచి మిగిలినవాళ్ళు, ఇంకొందరి విషయంలో ఆ ఇంటి ఆయన అసలు తండ్రి కాదు. వీటన్నిటినీ కలిపి వాళ్ళు వేసిన అంచనా తరానికి 1 నుంచి 4.5 శాతం లోపు. తక్కువే కదా అనిపిస్తుంది, కానీ ఇరవై తరాలు దాటితే ఆ కొద్దిపాటిదే పోగై పెద్దదవుతుంది. రాజుల ఇళ్ళల్లోనూ ఇదే తంతు. 2012లో లెస్టర్‌లో కార్ పార్కింగ్ కింద మూడో రిచర్డ్ రాజు ఎముకలు దొరికినప్పుడు డీఎన్ఏ పని చూసింది కూడా ఈ టూరీ కింగే. తల్లి వైపు డీఎన్ఏ చక్కగా కలిసింది, తండ్రి వైపు వంశవృక్షం ప్రకారం చుట్టాలు కావాల్సిన ఐదుగురిని పరీక్షిస్తే ఒక్కరిదీ రాజుతో కలవలేదు, పైగా ఆ ఐదుగురిలో ఒకాయనది మిగతా నలుగురితో కూడా కలవలేదు. డ్యూకుల వంశవృక్షాలే అలా ఉంటే మనమెంత.

ఇదే టీముకి ఇంతకంటే విచిత్రమైన పేరు ఒకటి తగిలింది, రెవిస్. తూర్పు యార్క్‌షైర్‌కి చెందిన బాగా అరుదైన పేరు. అందులో ఒకాయన వై క్రోమోజోమ్ చూస్తే పశ్చిమ ఆఫ్రికాలో తప్ప దాదాపు ఎక్కడా కనపడని రకం వచ్చింది. ఆయన మనిషి చూడ్డానికి పక్కా తెల్లాయన, కుటుంబంలో ఎవరూ ఆఫ్రికా మాట ఎప్పుడూ విన్నది లేదు. అదే పేరున్న 18 మందిని పరీక్షిస్తే ఏడుగురికి అదే వచ్చింది. కాగితాలు తవ్వితే ఆ ఏడుగురూ రెండు కుటుంబాల్లోకి తేలారు, రెంటి మూలాలూ 18వ శతాబ్దం చివర యార్క్‌షైర్‌లోనే. రెండూ ఇంకొన్ని తరాలు వెనక్కి పోతే ఎక్కడో కలవాలి, కానీ కాగితం అక్కడ ఆగిపోయింది. అంటే ఎప్పుడో ఒక ఆఫ్రికా మగవాడు ఇంగ్లండుకి వచ్చాడు, బానిసగానో, ఓడ మీదో, రోమన్ సైన్యంతోనో, అతని కొడుకుల కొడుకులు ఈ దేశంలో కలిసిపోయారు. 2007లో ఈ సంగతి ప్రకటించినప్పుడు ఇక్కడ పేపర్లలో బాగా వచ్చింది. మ్యాపు ముందు చూడాలి అన్నాను కదా, ఇక్కడ మ్యాపు కూడా సగమే చెప్తుంది, పేరు యార్క్‌షైర్‌ది అంటుంది, రక్తం ఎక్కణ్ణించి వచ్చిందో దానికి తెలియదు.

ఊరు ఎలా ఉంటుందంటే, స్టేషన్ దిగి నడిస్తే కొద్దిసేపటికే సెయింట్ మేరీ చర్చి, దాని పక్కనే ఐర్టన్ హౌస్, 17వ శతాబ్దపు ఇంగ్లీషు అంతర్యుద్ధంలో రాజు మీద పోరాడిన క్రామ్‌వెల్ అల్లుడు హెన్రీ ఐర్టన్ 1611లో ఈ ఊళ్ళోనే పుట్టాడు (ఈ క్రామ్‌వెల్ ఆలివర్, రిజిస్టర్ల థామస్ కాదు). అది దాటితే ఇక చెరువులే. ట్రెంట్ నది ఒడ్డున 1929 నుంచి కంకర తవ్వి తవ్వి వదిలేసిన గుంతలు నీళ్ళు నిండి చెరువులయ్యాయి, 1966లో దాన్ని పక్షుల రిజర్వు చేశారు. రిబ్బను కత్తిరించడానికి ఎవర్ని పిలిచారో చెప్పక్కర్లేదనుకుంటా. 2005లో విజిటర్ సెంటర్ తెరవడానికీ డేవిడ్‌నే పిలిచారు. వచ్చినవాళ్ళు చాలామంది ఆ రిజర్వుకి ఆయన పేరు పెట్టారనుకుంటారు, ఊరిదనుకోరు. అమ్మతో వెళ్ళినప్పుడు కట్ట మీద నడుస్తుంటే లకుముకి పిట్ట ఒకటి నీళ్ళ మీదుగా నీలంగా దూసుకుపోయింది, అమ్మ దాన్ని చూసి ఇది మనదగ్గరా ఉంటుందిగా అంది. ఇంటిపేరు గురించి నేను చెప్పిందాంట్లో గుర్తున్నది ఏమీ లేదు, పిట్ట మాత్రం గుర్తుంది.

ఎవరైనా ఇలాంటి పేర్లు వెతకాలనుకుంటే ఒక్క జాగ్రత్త, స్పెల్లింగు. చర్చి గుమాస్తాకి ఎలా వినపడితే అలా రాసేవాడు, రాయించుకునేవాడికి చదువు రాదు. అటెన్‌బరో అని ఒక్కటే కొడితే అటెన్‌బారో, అటెన్‌బర్రో అని వేరే అక్షరాలతో రాసుకునే కుటుంబాలు తప్పిపోతాయి, "డ"తో రాసిన పాతవి అసలు దొరకవు. అవన్నీ కలుపుకుంటే ఆ పేరువాళ్ళ లెక్క కొంత పెరుగుతుంది, కుప్ప మాత్రం అక్కడే ఉంటుంది.

లెస్టర్ వాళ్ళ జాబితాలో అటెన్‌బరో లాగే 70 శాతం దాటిన ఇంకో పేరు స్విండిల్‌హర్స్ట్. చూడగానే మోసగాళ్ళ వంశం అనిపిస్తుంది గానీ దానికీ మోసానికీ ఏ సంబంధం లేదు, లాంకషైర్‌లో పందులు తిరిగే గుట్ట మీది అడవి ఒకటుండేది, దాని పేరు. వాళ్ళ సంగతి ఇంకోసారి రాస్తా.